జబ్బుకు చీటీ లేకపోతే నౌకరీకే ఎసరు
బొగ్గుబాయి కార్మికుని ‘నాగా’ల వెనుక కథ

కొత్తగూడెం: వానాకాలం వచ్చిందంటే గుండాల, ఆళ్ళపల్లి, కరకగూడెం, చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో జ్వరాల కాలం వచ్చినట్లే. వాగులు పొంగుతాయి, దారులు తెగుతాయి, ఇంటికొక మంచం పడుతుంది. పొలం కూలి మంచం పడితే ఆనాటి కూలి పోతుంది. అదే బొగ్గుబాయిలో మస్టరు ఉన్నవాడు మంచం పడితే పోయేది ఆనాటి జీతం ఒక్కటే కాదు. చేతిలో సరైన కాగితం లేకపోతే నౌకరీయే పోవచ్చు.

ఇల్లెందుకు పాతిక కిలోమీటర్ల దూరంలోని ఒక గూడెం నుండి బాయికి వచ్చే జనరల్ మజ్దూరు ఒకరున్నారనుకుందాం. చలిజ్వరం తగిలింది. మొదటి రెండు రోజులు తగ్గుతుందని చూశాడు. మూడోనాడు ఊళ్ళో ఆర్.ఎం.పి.తో సూది వేయించుకున్నాడు. తగ్గలేదు. వారం తరువాత ఇంటివాళ్ళు ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేర్చారు. పదిహేను రోజులకు లేచి బాయి మీదికి వస్తే, మస్టరు గుమాస్తా అడిగే మొదటి మాట ‘ఎట్లా ఉన్నావు’ అని కాదు, ‘సిక్కు కాగితం ఏది’ అని. సూది వేసిన ఆర్.ఎం.పి. చీటీ రాయలేదు. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన చీటీ వానలో తడిసి పోయింది. ఆ పదిహేను రోజులూ రికార్డులో నాగాలయ్యాయి. ఇలాంటివి ఏడాదిలో రెండుసార్లు, మూడుసార్లు జరిగితే ఛార్జిషీటు వస్తుంది. ఛార్జిషీటు తరువాత ఎంక్వయిరీ, ఆ తరువాత డిస్మిస్ ఉత్తర్వు.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే. కానీ దీనిలోని ప్రతి మెట్టూ కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు కార్మికవాడల్లో అందరూ ఎరిగినదే.

కంపెనీ నిబంధన ఏమంటుంది?

1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలయినప్పటి నుండి ఈ ప్రాంతపు పల్లెలకు బాయి నౌకరీ పెద్ద ఆసరా. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఆ పేరుతో ఏర్పడింది. నేడు అందులో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లలో క్రమశిక్షణ తప్పితే శిక్షించదగిన తప్పుల జాబితా ఉన్నది. అందులో 25.25 సంఖ్య గల నిబంధన గైర్హాజరుకు సంబంధించినది. తరచుగా ఆలస్యంగా రావడం, తగిన కారణం లేకుండా అలవాటుగా పనికి రాకపోవడం దాని ప్రకారం తప్పు. నాగాల మీద డిస్మిస్ అయిన కార్మికుల్లో ఎక్కువమంది ఛార్జిషీట్లలో కనిపించేది ఈ నిబంధనే.

ఇందులో ‘తగిన కారణం లేకుండా’ అన్న మూడు మాటలను జాగ్రత్తగా చూడాలి. రాకపోవడమే తప్పు అని నిబంధన చెప్పడం లేదు. కారణం లేకుండా రాకపోవడమే తప్పు. జబ్బు తగిన కారణమే. అయితే జబ్బు చేసిందని రుజువు చేసుకునే భారం చివరకు కార్మికుని నెత్తిన పడుతున్నది. చిక్కంతా అక్కడే.

యాజమాన్యం వాదననూ కొట్టివేయడానికి లేదు. బాయిలో పని ఒంటరి పని కాదు. హాలేజీ ఆపరేటర్ రాకపోతే టబ్బులు కదలవు. టింబర్‌మన్ రాకపోతే కప్పుకు ఆధారం నిలబడదు. ఒకడి నాగా పదిమంది పనిని ఆపుతుంది. వచ్చినవారి మీద భారం, ప్రమాదం రెండూ పెరుగుతాయి. నాగాలన్నీ జబ్బువల్ల వచ్చేవి కావన్నదీ నిజమే. నాట్లకు, కోతలకు ఆగినవారున్నారు. తాగుడుకు బానిసలయినవారున్నారు. వడ్డీ వ్యాపారికి మొహం చాటేసి జీతం రోజున కనిపించనివారూ ఉన్నారు. 1990లలో కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి రెండుసార్లు బి.ఐ.ఎఫ్.ఆర్. గడప తొక్కిన తరువాత హాజరు విషయంలో పట్టు బిగిసింది. ఆ రోజుల్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య నేడు సగానికంటే తక్కువకు పడిపోయింది. ఉన్నవారితోనే ఉత్పత్తి తీయాలంటే ప్రతి మస్టరుకూ లెక్క ఉంటుంది.

కాగా, దొంగ నాగాను, జ్వరం నాగాను ఒకే గాటన కట్టడమే అసలు అన్యాయం. మస్టరు బుక్కులో రెండింటికీ ఒకే గుర్తు పడుతుంది. ఆ తేడాను తేల్చవలసింది ఎంక్వయిరీ. అది తూతూమంత్రంగా సాగితే తేడా తేలదు.

కోర్టులు ఏం చెప్పాయి?

ఈ తగవు పాతదే. 1957లో మద్రాసులోని బకింగ్‌హాం అండ్ కర్ణాటిక్ మిల్లులో పనిచేసే తెలుగు కార్మికుడు ఒకరు ఆరు రోజుల సెలవు మీద వెళ్ళి, దాదాపు రెండు నెలల వరకు తిరిగి రాలేదు. మలేరియా, జిగట విరేచనాలతో బాధపడ్డానని కనిగిరి ప్రభుత్వ వైద్యుని సర్టిఫికెట్ పంపాడు. మిల్లు ఒప్పుకోలేదు. ఎనిమిది రోజులు చెప్పకుండా రాకపోతే నౌకరీ దానంతట అదే పోయినట్లేనన్న తమ స్టాండింగ్ ఆర్డరును చూపింది. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1963లో తీర్పు మిల్లు పక్షాన వచ్చింది. ఊరి నుండి తెచ్చిన చీటీకి, ఫ్యాక్టరీ కోరే చీటీకి మధ్య ఎంత దూరం ఉన్నదో ఆ కేసు చూపింది.

ఆ తరువాత కోర్టుల చూపు మెల్లగా మారింది. పనికి రాలేదని పేరు కొట్టివేయడం కూడా ఉద్యోగం నుండి తొలగించడమేనని 1982లో దక్షిణ రైల్వే కార్మికుని కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. 1993లో జె.ఎం.ఎ. ఇండస్ట్రీస్ కేసులో ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఎనిమిది రోజులు రాకపోతే నౌకరీ పోయినట్లేనన్న నిబంధన ఉన్నప్పటికీ, ఎంక్వయిరీ లేకుండా, కార్మికుని మాట వినకుండా తొలగించడం చెల్లదన్నది. ఆ కార్మికుని సగం పాత జీతంతో తిరిగి పనిలోకి తీసుకోవలసిందిగా ఆదేశించింది. మనిషి బతుకుతెరువు పోయే నిర్ణయానికి ముందు అతని మాట వినాలన్నది రాజ్యాంగం ఇచ్చిన హక్కు అని ఆ తీర్పు సారాంశం.

2012 ఫిబ్రవరి 15న వచ్చిన మరో తీర్పు జబ్బు పడినవారికి ఇంకా ముఖ్యమైనది. ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి గైర్హాజరు కేసులో, రాకపోవడం కావాలని చేసిందా, తప్పనిసరి పరిస్థితిలో జరిగిందా అన్నది ముందు తేల్చాలని సుప్రీం కోర్టు చెప్పింది. జబ్బు, ప్రమాదం, ఆసుపత్రిలో చేరడం వంటివి మనిషి చేతిలో లేనివి. వాటివల్ల రాలేకపోతే అది తప్పుడు ప్రవర్తన కాదన్నది.

అయితే ఒకే చేతిని చూసి చప్పట్లు కొట్టరాదు. 2004లో ఢిల్లీ రవాణా సంస్థ కేసులో, అలవాటుగా సెలవు లేకుండా ఎగ్గొట్టేవారి విషయంలో యాజమాన్యం తీసుకున్న చర్యను ఇదే సుప్రీం కోర్టు సమర్థించింది. రెండు తీర్పులనూ కలిపి చదివితే విషయం స్పష్టమవుతుంది. కారణం చూపగలిగినవాడికి చట్టం అండ ఉన్నది. కారణం ఉండీ చూపలేనివాడు, కారణమే లేనివాడితో పాటు కొట్టుకుపోతున్నాడు.

ప్రపంచంలోనూ ఇదే మాట. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 158వ ఒడంబడిక, జబ్బువల్ల గాని దెబ్బవల్ల గాని తాత్కాలికంగా పనికి రాకపోవడం తొలగింపుకు తగిన కారణం కాదని చెప్పింది. దానిని మన దేశం ఆమోదించలేదు.

బాయికి ఒక రీతి, ఫ్యాక్టరీకి ఒక రీతి

జిల్లాలో బాయిలే కాక ఫ్యాక్టరీలూ ఉన్నాయి. 1979లో సారపాకలో మొదలయిన భద్రాచలం పేపర్ బోర్డ్స్ 2002లో ఐ.టి.సి.లో కలిసింది. పాల్వంచలో థర్మల్ కేంద్రం, అశ్వాపురంలో భారజల కర్మాగారం ఉన్నాయి. ఈ.ఎస్.ఐ. వర్తించే ఫ్యాక్టరీల్లో నెల జీతం 21,000 రూపాయలు మించని కార్మికునికి జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం వేతనం లభిస్తుంది. కాంట్రాక్టరు కింద పనిచేసేవారికీ ఇది వర్తించాలి. జబ్బు భత్యం పొందుతున్న రోజుల్లో కార్మికుని తొలగించరాదని 1948 నాటి ఈ.ఎస్.ఐ. చట్టం 73వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది.

ఆ చట్టం గనులను మాత్రం బయటే ఉంచింది. బొగ్గు కార్మికునికి కంపెనీ ఆసుపత్రే దిక్కు. కొత్తగూడెంలో ప్రధాన ఆసుపత్రి, ఏరియాల్లో ఆసుపత్రులు, డిస్పెన్సరీలు ఉన్నాయి. అక్కడ సిక్కు రాయించుకుని, నయమయ్యాక ఫిట్ రాయించుకుని వచ్చినవాడికి రికార్డు ఉంటుంది. క్వార్టర్లో ఉండేవాడికి ఇది కష్టం కాదు. అడవి అంచు పల్లెల్లో ఉండేవాడికి అలా కాదు. జ్వరంతో వణికే మనిషి వాగు దాటి, బస్సు పట్టుకుని, కంపెనీ దవాఖానాలో లైను కట్టాలి. చర్ల, దుమ్ముగూడెం వైపువారు జబ్బు ముదిరితే చేరేది భద్రాచలం ప్రభుత్వ ఆసుపత్రికి. ఛత్తీస్‌గఢ్, ఒడిశా సరిహద్దు పల్లెల రోగులూ అక్కడికే వస్తారు. అక్కడి ఓ.పి. చీటీ బాయి ఆఫీసుకు చేరేదాకా ఆ మనిషి చెప్పకుండా ఎగ్గొట్టినట్లే లెక్క.

అన్‌ఫిట్ అయితే ఒకటి, డిస్మిస్ అయితే ఒకటి

కుటుంబాలకు అసలు దెబ్బ తగిలేది ఇక్కడ. దీనిని పల్లెల్లో చాలామంది గుర్తించడం లేదు.

జాతీయ బొగ్గు వేతన ఒప్పందంలో 9.3.0, 9.4.0 నిబంధనలు ఉన్నాయి. సర్వీసులో ఉండగా కార్మికుడు మరణిస్తే గాని, జబ్బువల్లో దెబ్బవల్లో శాశ్వతంగా పనికి రాకుండా పోతే గాని, అతని మీద ఆధారపడినవారిలో ఒకరికి ఉద్యోగం ఇవ్వడం వాటి ఉద్దేశం. సింగరేణిలో వారసత్వ ఉద్యోగాలు 1998లో ఆగిపోయాయి. 2016లో తిరిగి ప్రకటించిన పథకాన్ని 2017 మార్చిలో హైకోర్టు కొట్టివేసింది. స్వచ్ఛందంగా దిగిపోయి కొడుకుకు నౌకరీ ఇప్పించుకోవడం రాజ్యాంగానికి విరుద్ధమన్నది. ఆ తరువాత మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసిన కార్మికుల వారసులకు కారుణ్య నియామకాలు మొదలయ్యాయి.

అంటే ఒకే జబ్బుకు రెండు దారులు ఉన్నాయి. గుండె జబ్బుతోనో, మూత్రపిండాల జబ్బుతోనో పనిచేయలేని కార్మికుడు మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళి అన్‌ఫిట్ అయితే కొడుకుకో కూతురుకో నౌకరీ దక్కే వీలుంది. అదే మనిషి ఏ కాగితమూ లేకుండా ఇంట్లో మంచం మీద ఉండిపోతే నాగాలు పేరుకుపోయి డిస్మిస్ అవుతాడు. అప్పుడు ఇద్దరి నౌకరీ పోయినట్లే. జబ్బు ఒకటే, మనిషీ ఒకడే. ఏ కాగితం ముందు పడిందన్నదే రెండు తరాల బతుకును తేలుస్తున్నది.

డిస్మిస్ అయినంత మాత్రాన అన్నీ పోయినట్లు కాదు. ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము కార్మికునిదే. 1998 బొగ్గుగనుల పెన్షన్ పథకం కింద పదేళ్ళ పెన్షను సర్వీసు నిండినవారికి పెన్షను హక్కు ఉంటుంది. గ్రాట్యుటీని కంపెనీ ఆస్తికి నష్టం చేయడం, దౌర్జన్యం, నీతిమాలిన నేరం వంటి కారణాలకే తప్ప, నాగాల పేరిట ఆపడానికి వీలులేదు. సిగ్గుపడి ఇంట్లో కూర్చుని వీటిని అడగనివారు నష్టపోతున్నారు.

దెబ్బ తగిలి అంగవైకల్యం వచ్చినవారికి మరొక రక్షణ ఉన్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం కలిగిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదు. చేయగల మరో పనిలోకి అదే జీతంతో మార్చాలి. ప్రభుత్వ కంపెనీలకూ ఇది వర్తిస్తుంది. 2025 ఆగస్టు 1న తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ ఒకరి కేసులో సుప్రీం కోర్టు ఇటువంటి మాటే చెప్పింది. రంగులు గుర్తించలేడని ఆయనను వైద్య కారణాల మీద పంపివేశారు. వేరే పని ఇవ్వగలరేమో సరిగా వెతకకుండా పంపడం తప్పని కోర్టు తేల్చింది. తగిన ఉద్యోగం ఇచ్చి, పాత జీతంలో 25 శాతం చెల్లించాలని ఆదేశించింది.

కొత్త కోడులతో మారినదేమిటి?

2025 నవంబరు 21 నుండి దేశంలో నాలుగు లేబర్ కోడులు అమలులోకి వచ్చాయి. పారిశ్రామిక వివాదాల చట్టం, స్టాండింగ్ ఆర్డర్ల చట్టం పోయి వాటి స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడు నిలిచింది. ఇందులో రెండు విషయాలు ఈ ప్రాంతపు కార్మికులు తెలుసుకోవలసినవి.

మొదటిది గడువు. డిస్మిస్ మీద కార్మికుడు తగవు లేవదీయడానికి పాత చట్టంలో మూడేళ్ళు ఉండేది. కొత్త కోడులో రెండేళ్ళు దాటిన వివాదాన్ని కన్సిలియేషన్ అధికారి చేపట్టరాదు. ‘జబ్బు తగ్గనీ, పెద్దమనుషులతో మాట్లాడిద్దాం’ అనుకుంటూ ఏళ్ళు గడిపే అలవాటు ఇక మానుకోక తప్పదు. ఉత్తర్వు అందిన తేదీ నుండే రోజులు లెక్క పెట్టుకోవాలి.

రెండవది స్టాండింగ్ ఆర్డర్ల పరిధి. పాత చట్టం 100 మంది పనిచేసే సంస్థలకు వర్తించేది. కొత్త కోడు 300 మందికి పెంచింది. సింగరేణి వంటి పెద్ద సంస్థకు దీనివల్ల తేడా లేదు. కానీ చిన్న ఫ్యాక్టరీల కార్మికునికి రాతపూర్వకమైన నిబంధనల అండ తగ్గింది.

ఒక ముఖ్యమైన విషయం మారలేదు. శిక్ష తప్పుకు మించి ఉన్నదనిపిస్తే డిస్మిస్‌ను రద్దు చేసి చిన్న శిక్షతో సరిపెట్టే అధికారం 1971 నుండి లేబర్ కోర్టులకు ఉన్నది. కొత్త కోడు ఆ అధికారాన్ని ట్రిబ్యునళ్ళకు అలాగే ఉంచింది. గోదావరిఖనిలోని ట్రిబ్యునల్ ఏళ్ళ తరబడి సింగరేణి కార్మికుల కేసులను విన్నది. ఇరవై ఏళ్ళు మచ్చ లేకుండా పనిచేసి, జబ్బు చేసిన రెండేళ్ళలో మాత్రమే నాగాలు పెట్టినవాడికి ఈ అధికారమే చివరి ఆశ.

కార్మికుడు చేయవలసింది

జబ్బు చేసిన మూడు రోజుల్లోగా ఎవరిచేతనయినా బాయి ఆఫీసుకు రాతపూర్వకంగా కబురు పంపాలి. తోటి కార్మికుడు నోటితో చెప్పిన మాట ఎంక్వయిరీలో నిలవదు. రిజిస్టర్డ్ పోస్టు రసీదు నిలుస్తుంది. ఊళ్ళో సూది వేయించుకున్నా, వీలయినంత తొందరగా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని ఓ.పి. చీటీ, రక్తపరీక్ష కాగితం దాచుకోవాలి. లేవగలిగిన వెంటనే కంపెనీ డిస్పెన్సరీకి వెళ్ళి వాటిని రికార్డు చేయించాలి.

ఛార్జిషీటు వస్తే భయపడి తీసుకోకుండా తిప్పి పంపడం పెద్ద పొరపాటు. తీసుకోకపోయినా ఎంక్వయిరీ ఆగదు. మన మాట లేకుండానే ముగుస్తుంది. గడువులోగా జవాబు రాయాలి. ఎంక్వయిరీకి తప్పక హాజరు కావాలి. సహాయానికి తోటి కార్మికుని వెంట తీసుకునే అవకాశం అడగాలి. చదవడం రానివారు తెలుగులో చదివి వినిపించమని అడగాలి. వినకుండా వేలిముద్ర వేయరాదు. ‘తప్పయింది, క్షమించండి’ అని రాసి ఇస్తే వదిలేస్తారన్న మాట నమ్మి సంతకం పెట్టినవారు, నేరం ఒప్పుకున్నట్లుగా రికార్డులో మిగిలారు. జబ్బు నిజమయినప్పుడు క్షమాపణ కాదు, కారణం రాయాలి.

డిస్మిస్ ఉత్తర్వు వస్తే ముందు పై అధికారికి అప్పీలు చేసుకోవాలి. అక్కడ న్యాయం జరగకపోతే కేంద్ర లేబర్ కమిషనర్ విభాగానికి చెందిన అధికారి వద్దకు వెళ్ళాలి. బొగ్గుగనుల వివాదాలు కేంద్రం పరిధిలోనివి. కలెక్టరేటులో అర్జీ పెట్టి ఎదురుచూడటంవల్ల ఆ గడువు ఆగదు.

యాజమాన్యం చేయవలసిందీ ఉన్నది

నాగాల మీద పోయినవారిలో కొందరికి మరొక అవకాశం ఇవ్వడానికి యూనియన్లకూ యాజమాన్యానికీ మధ్య గతంలో ఒప్పందాలు జరిగాయి. మళ్ళీ తీసుకున్నవారిని కొత్తవారి కింద చేర్చడంతో పాత సర్వీసు పోయింది. పోయాక తిరిగి ఇవ్వడం కంటే పోకుండా చూడటం మేలు. ఏడాదిలో మస్టర్లు పడిపోతున్న కార్మికుని పేరు కంప్యూటరులో ముందే కనిపిస్తుంది. అప్పుడే ఛార్జిషీటుకు ముందు ఒక వైద్యుని, ఒక సంక్షేమాధికారిని ఆ ఇంటికి పంపితే జబ్బేదో, సాకేదో తేలిపోతుంది. జబ్బయితే మెడికల్ బోర్డుకు పంపవచ్చు. తాగుడయితే దానికీ వైద్యం ఉన్నది. ప్రభుత్వ ఆసుపత్రి చీటీని కంపెనీ డిస్పెన్సరీ నేరుగా విచారించి ఒప్పుకునే ఏర్పాటు ఉంటే అడవి పల్లెల కార్మికునికి సగం కష్టం తీరుతుంది.

కాంట్రాక్టు కార్మికునికి ఇంతపాటి దారి కూడా కనిపించడం లేదు. అతనికి ఛార్జిషీటు రాదు, ఎంక్వయిరీ ఉండదు. నాలుగు రోజులు జ్వరంతో పడుకుని వస్తే ఆ పనిలో ఇంకొకరు ఉంటారు. ‘తరువాత చూద్దాంలే’ అన్న మాటతోనే అతని డిస్మిస్ పూర్తవుతుంది. రేపు ఈ జిల్లాలో తేలవలసిన పెద్ద తగవు అదే. బాయిల్లో మస్టరు ఉన్నవారి సంఖ్య తగ్గుతున్నకొద్దీ, మస్టరు లేనివారి జ్వరాన్ని ఎవరు లెక్క వేస్తారన్న ప్రశ్న ప్రతి పల్లె ముందుకూ వస్తున్నది.

అప్పటిదాకా బాయికి పోయే మనిషి ఉన్న ప్రతి ఇంట్లో ఒక సంచీ పెట్టుకోవాలి. జీతం చీటీ, ఓ.పి. చీటీ, పోస్టు రసీదు, ఛార్జిషీటు ఏదయినా అందులోనే పడాలి. పట్టా పాసుపుస్తకాన్ని దాచుకున్నంత జాగ్రత్తగా ఆ సంచీని దాచుకోవాలి. రేపు ట్రిబ్యునల్ ముందు జ్వరం సాక్ష్యం చెప్పదు. ఆ సంచీలోని కాగితమే చెబుతుంది.